పొడిగా ఉంది

పాప అతని ఎడమ ముంజేతి మీద బోర్లా పడుకుని నిద్రపోతోంది. ఒక చెంప మోచేతి మడతలో పెట్టి, ఒక చెయ్యి కిందికి వేలాడేసి, రోజంతా చాకిరీ చేసొచ్చి సోఫాలో వాలిపోయిన మనిషి వాలకం. పుట్టి వారం కాలేదు, అప్పుడే ఇంత అలసటేంటమ్మా తల్లీ అని అడగాలనిపించింది, అడిగితే లేస్తుందేమోనని ఊరుకున్నాడు, లేస్తే మాత్రం ఏం, లేస్తేనే నయమేమో, లేచి కాళ్లు కొట్టుకుని ఏడ్చి ఒక్కసారి ఉచ్చ పోసిందంటే ఇంట్లో అందరూ ఊపిరి పీల్చుకుంటారు. ఒక పిల్ల ఉచ్చ కోసం ఇంతమంది కళ్లలో వత్తులు వేసుకుని ఎదురుచూడ్డం అతను ఎక్కడా వినలేదు. కిటికీలోంచి ఎండ బల్ల మీద సగందాకా వచ్చి ఆగింది. కింద వీధిలో ఎవరో స్కూటరు స్టార్టు చేస్తున్నారు, అది తుమ్మబోయి ఆపుకున్నట్టు చప్పుడు చేసి ఊరుకుంటోంది, మళ్లీ తన్నుతున్నారు, మళ్లీ ఊరుకుంటోంది. అది స్టార్టయ్యేలోగా నువ్వు కానియ్యి తల్లీ అనుకున్నాడు మనసులో, పందెం కాసినట్టు, అనుకున్నాక ఇదేం పిచ్చి అనుకున్నాడు, ఈలోపు అది స్టార్టయి వెళ్లిపోయింది.

నాలుగింటికి డాక్టరు వస్తుంది. పొద్దున ఫోనులో నర్సు చెప్పిన మాట అదే. పొద్దున్నుంచీ పిల్ల తడపలేదంటున్నారు, కళ్లు కాస్త పచ్చగా ఉన్నాయంటున్నారు, పాలు తాగుతోందా, చప్పరిస్తోందా, సరే, నాలుగింటిదాకా చూడండి, అప్పటికీ పొడిగానే ఉంటే పిల్లని తీసుకుని వచ్చెయ్యండి, తల్లి పాలు చాలట్లేదన్నమాట, డబ్బాపాలు మొదలుపెట్టి ఒకరోజు ఇక్కడే ఉంచుకుని చూద్దాం. నర్సు ఏమీ కఠినంగా చెప్పలేదు, మందులషాపులో మాత్రల పట్టీ చేతికిచ్చినంత మామూలుగా చెప్పింది. కానీ ఫోను స్పీకరులో ఉంది. తల్లి పాలు చాలట్లేదన్నమాట అన్న ముక్క గదిలో అందరి చెవినా పడింది, ఎవరి చెవిన పడకూడదో ఆ మనిషి చెవిన ముందు పడింది.  భార్య జాకెట్టు గుండీలు పెట్టుకుంది, ఒక్కొక్కటీ, కింది నుంచి పైకి, తప్పు గుండీకి తప్పు కాజా పెట్టి మళ్లీ విప్పి మళ్లీ పెట్టుకుని, గోడవైపు తిరిగి పడుకుంది. కాసేపటికి గోడవైపు నుంచే, సీసా తెప్పించెయ్యి, నా వల్ల కాదు అంది. ఆ గొంతులో ఏడుపు కూడా లేదు, అదే అతన్ని భయపెట్టింది. నాలుగింటిదాకా చూద్దాం, నువ్వు కళ్లు మూసుకో, నేను చూసుకుంటాను, ఏమన్నా ఉంటే లేపుతాను, ఒట్టు అని చెప్పి పిల్లని ఎత్తుకుని ఈ గదిలోకి వచ్చి కూచున్నాడు.

అందుకని ఇప్పుడు అతను చేతిమీద పిల్లతో, తలుపు ఓరగా వేసిన లోపలిగదికి ఒక చెవి అప్పగించి, భోజనాల బల్ల ముందు కూచుని ఉన్నాడు. మాటిమాటికీ కుడిచేతి వేళ్లు వాటంతటవే పాప డైపరు దగ్గరికి పోతున్నాయి, అంచు కిందికి దూరి లోపల తడిమి వెనక్కి వస్తున్నాయి. పొడిగా ఉంది. ఎన్నిసార్లు తడిమినా పొడిగానే ఉంది. ఈ వేళ్లు అబద్ధం చెప్పవు. ఇవి చెప్పిన మాట మీద ఆఫీసులో లారీలు కదులుతాయి. డైపర్ల కంపెనీ పరీక్షగదిలో అతని పనే అది, తెల్లారి లేస్తే డైపర్లు తడపడం, తడిపినవి పొడిగా ఉన్నాయో లేవో చూడ్డం, పెళ్లిచూపుల్లో అబ్బాయి ఏం చేస్తాడని అడిగితే అతని పెద్దనాన్న ఒక క్షణం తడుముకుని, నీటి శాఖలో అని చెప్పాడట, దానికి అత్తగారు ఇప్పటికీ నవ్వుతుంది. పెళ్లిచూపులేమిటి, అప్పటికి వాళ్లిద్దరికీ ఒకరికొకరు ఏడాదిగా తెలుసు, పెద్దవాళ్ల ముచ్చట తీర్చడానికి కూచున్నారు అంతే.

పరీక్షగదిలో ఒక రబ్బరు బొమ్మ ఉంటుంది, నడుము నుంచి మోకాళ్లదాకానే, తలా చేతులూ లేవు, లోపల ఒక గొట్టం. దానికి వాళ్లందరూ పెట్టిన పేరు అల్లుడుగారు. వెల్లకిలా పడుకుని ఉంటాడు, అందరూ చుట్టూ తిరిగి సేవలు చెయ్యాలి, ఆయన చేసేదల్లా ఒక్కటే, అదీ మనం నీళ్లు పోస్తేనే. నీలంరంగు ఉప్పునీళ్లు గ్లాసుతో కొలిచి గొట్టంలో పొయ్యాలి, కాసేపు ఆగాలి, మళ్లీ పొయ్యాలి, మళ్లీ ఆగాలి, ఇంక నా వల్ల కాదు బాబో అని అంచుల్లోంచి కారేదాకా పొయ్యాలి. తరవాత పైన అద్దుడు కాగితం పెట్టి, దానిమీద బరువు పెట్టి, కాగితం ఎంత తడిసిందో తూచాలి. తూకం యంత్రం అంకె చూపిస్తుంది. చూపించినా సరే, మేనేజరు చివరికి అతనివైపే తిరుగుతాడు, ఏదీ, నువ్వొకసారి చెయ్యి పెట్టవయ్యా అంటాడు. అతను చొక్కా చెయ్యి మడిచి, వేళ్ల వెనకవైపు, కణుపుల మీద, లోపలి పొరకు ఆనించి కళ్లు మూసుకుంటాడు. పొడిగా ఉంది అంటే అందరి మొహాలూ వెలుగుతాయి. ఎవరో ఒకరు టీ తెప్పిస్తారు.

ఆ చెయ్యి కంపెనీ ఇచ్చింది కాదు. చెల్లెలు పుట్టిన ఏడు వానలు పట్టుకుని వదల్లేదు, ఇంట్లో కుర్చీల వీపుల మీద, తలుపుల మీద, మంచం కోళ్లకి, ఎక్కడ చూసినా పిల్లగుడ్డలే, అమ్మ వంటింట్లోంచి అరిచేది, ఆరినయ్యేమో చూసి పట్రా నాన్నా అని. వాడు, అంటే అతనే, అప్పటికి నిండా బడికి కూడా పోనివాడు, ఒక్కో గుడ్డనీ బుగ్గకి ఆనించుకుని చూసేవాడు. చల్లగా ఉంటే ఆరనట్టు. చల్లదనం తెలిసీ తెలియనట్టు ఉంటే, అదొకటి ఉంది, ఆరిందనిపిస్తుంది కానీ ఆరలేదు, మడతపెడితే రేపటికి వాసనొస్తుంది, అది బుగ్గకి తెలియదు, పెదవికి తెలుస్తుంది. అలా పెదవికి ఆనించుకుంటుంటే నాన్న చూసి, ఛీ ఛీ వెధవా అవి ఏం గుడ్డలనుకున్నావురా అని ఇల్లెగిరిపోయేలా నవ్వాడు. చెల్లెలు తడిపిందంటే ఇంటిల్లిపాదికీ తెలిసేది. ఎత్తుకున్నవాళ్ల ఒళ్లు వెచ్చనయ్యేది, వాళ్లు లేచి నిలబడి అయ్యో అనేవాళ్లు, గుడ్డ మార్చేది ఒకరు, నేల తుడిచేది ఒకరు, నవ్వేది ఒకరు. పిల్ల తడిపిందా లేదా అని ఫోను చేసి అడిగే అవసరం ఎవరికీ రాలేదు.

ఆ తడి లేకుండా చెయ్యడానికే కదా తను ఇన్నేళ్లూ పాటుపడింది. పాప పుడుతుందనగా పరీక్షగదిలో కొత్తరకం వచ్చింది, అప్పుడే పుట్టినవాళ్ల కొలత, అరచేతిలో ఇమిడిపోయే డైపరు, లోపల తడిని పీల్చి ఉబ్బే రవ్వలు పాతవాటికన్నా ఎక్కువ, పై పొర పట్టులా ఉంటుంది. అది అన్ని పరీక్షలూ నెగ్గింది. అల్లుడుగారి మీద ఎన్ని గ్లాసులు పోసినా పైన కాగితం కాగితంలాగే ఉంది. అతను చెయ్యి పెట్టి కళ్లు మూసుకుని, చాలాసేపు ఆగి, ఇంత పొడిది నేనెప్పుడూ చూళ్లేదు అన్నాడు, ఆ మాట మేనేజరు పెద్దవాళ్ల మీటింగులో కూడా చెప్పాడట. ఇంకా బయట పొరకి అచ్చు వెయ్యలేదు, బొమ్మల్లేవు, తడిస్తే రంగు మారే గీత కూడా లేదు, ఆ గీత వేసే మిషను వేరే చోట ఉంది. తెల్లగా, సాదాగా, పేరైనా లేకుండా ఉన్న ఆ డబ్బాల్ని ఇంట్లో పసిపిల్లలున్న ఉద్యోగులు తీసుకెళ్లొచ్చన్నారు. అతను తెచ్చి భార్య ముందు పెట్టాడు. చంటిదాని ఒంటికి నీటిచుక్క తగలదు చూడు అన్నాడు. అదేదో ఆస్తి రాసిచ్చినట్టు. భార్య నవ్వి, నీ చేతి పని, ఇది తప్ప ఇంకోటి వాడను అంది.

వాడలేదు కూడా.  ఆసుపత్రిలో ఉన్నంతసేపూ వాళ్ల గుడ్డలే గానీ నిన్న రాత్రి ఇంటికి వచ్చినప్పట్నుంచి అవే. ఇవాళ తెల్లవారాక భార్య పాలిచ్చి పిల్లని అందించింది, డైపరు విప్పి అతను చెయ్యి పెట్టాడు, పొడిగా ఉంది అన్నాడు. మళ్లీ పాలిచ్చింది, మళ్లీ విప్పాడు, పొడిగా ఉంది అన్నాడు. విప్పినదాన్ని మళ్లీ కట్టడం మంచిది కాదని ప్రతిసారీ కొత్తది వేస్తూ, పాతదాన్ని ఉండచుట్టి చెత్తబుట్టలో పడేస్తూ వచ్చాడు. మూడోసారి అన్నప్పుడు భార్య అతని మొహంలోకి చూసింది. రిపోర్టు చదవబోతున్న డాక్టరు మొహంలోకి చూసినట్టు. ఒక్కసారి అమ్మని కూడా చూడమను అంది. అత్తగారు వంగి వేలు పెట్టి చూసి, అబ్బాయి చెప్పాక ఇంక నేను చూసేదేంటే, ఆయన పనే అది అంది, అని, కూతురి మొహం చూసి, పోనీ పాలు సరిగ్గా పడలేదేమో, కొందరికి ఆలస్యంగా పడతాయి, దానికేం అంది. దానికేం అన్న మాట ఎంత మంచిమనసుతో అన్నా చెవికి బరువుగానే తగులుతుంది. ఆఫీసులో మొహాలు వెలిగించే ఆ ఒక్క మాటే ఇంట్లో ఒక మొహాన్ని కొంచెం కొంచెంగా ఆర్పేసింది, అన్నది తనే, చెయ్యి తనదే.

భార్య ఏడుపెరగని మనిషి. డ్రైవింగు స్కూల్లో కారు నేర్పుతుంది, అతనూ ఆమె దగ్గరే నేర్చుకున్నాడు, నేర్చుకున్నాడనడం మర్యాద కోసం, మొదటిరోజు మొదటి మలుపు తిరిగేలోగా మూడు చోట్ల ఆపేశాడు, వెనక బస్సువాడు హారను మీద చెయ్యి తియ్యలేదు, చెమట్లు పట్టేశాయి. ఆమె పక్కసీటులో కూచుని కిటికీలోంచి బయటికి చూస్తూ, మీరేం కంగారుపడకండి, ఆ బస్సులో వాళ్లకి కూడా ఎవరో ఒకరు నేర్పే ఉంటారు అంది. ఎవరెన్ని గోడలకి గుద్దబోయినా ఆ గొంతు పెరగదు, తరగదు. పురిటినొప్పుల్లో కూడా నర్సుకి దారి చెప్పింది, చక్రాల మంచం తలుపుకి తగలబోతుంటే, కొంచెం ఎడమకి, ఇంకొంచెం, చాలు అని. అలాంటి మనిషి తప్పు గుండీ పెట్టుకుంది. అతనికి ఆ గుండీ కళ్లముందు నుంచి కదలట్లేదు. రేపెప్పుడైనా ఈ పిల్ల నిలబడి నడిచి బడికెళ్లి పెద్దదై, దానికి ఏ చిన్న జబ్బు చేసినా, నా పాలు చాల్లేదు కదా అందుకే అనుకునే రకం ఆమె, పైకి అనదు, లోపల దాచిపెట్టుకుని బతుకంతా మోస్తుంది. ఆసుపత్రికి పోవడం పెద్ద విషయం కాదు, ఆసుపత్రి ఉన్నదే అందుకు, డబ్బాపాలు తాగి పెరిగినవాళ్లు లక్షణంగా ఉన్నారు, అతని చెల్లెలే అలా పెరిగింది, ఇప్పటికీ నోట్లో మాట కిందపడనివ్వదు. కానీ ఆ గుండీ.

"ఏం చేస్తున్నావు బాబూ?" అత్తగారు చెప్పులేసుకుంటూ గుమ్మంలో నిలబడింది. చేతిలో సంచి. మందులషాపుకి వెళ్లి సీసా, పాలడబ్బా తెచ్చిపెడతానంది, వాడినా వాడకపోయినా ఇంట్లో ఉంటే మంచిదని.

"ఊరికే కూచోలేక, అత్తయ్యా. వీటిని పోల్చి చూద్దామని."

"ఇప్పుడా?"

"చేతులు ఊరుకోవట్లేదండీ."

ఆవిడ బల్ల మీద పెట్టిన డైపర్లని చూసింది. ఆవిడ భాషలో అవన్నీ కాగితం లాగులు. "పోల్చు పోల్చు, మా నాన్నకి కూడా అంతే, మనసు బాగోలేకపోతే గడియారం విప్పేసేవాడు, మళ్లీ బిగించడం మాత్రం వచ్చేది కాదు" అంది. గుమ్మం దాటబోయి ఆగి, గొంతు తగ్గించి, "దాన్నేమీ అనుకోకు, మంచిపిల్ల" అంది. కూతురి గురించో మనవరాలి గురించో అతనికి తెలియలేదు, ఇద్దరి గురించీ అయినా అతనికి అభ్యంతరం లేదు.

బల్ల మీద మూడు డైపర్లు. ఒకటి ఆఫీసుది, తెల్లది. ఒకటి చెల్లెలు పంపిన పెట్టెలోది, అతని కంపెనీకి బద్ధశత్రువైన కంపెనీది, పెట్టె మీద చెల్లెలు రాసింది, నీది కాదని మొహం ముడుచుకోకుండా వాడు, నా పిల్లలిద్దరూ దీంట్లోనే పెరిగారు అని. మూడోది వీధి చివర కొట్లో అమ్మే చవకరకం, అత్తగారు వచ్చినరోజే చేత్తో పట్టుకొచ్చింది, ఆఫీసులో దాన్ని బల్ల మీద పెట్టడానికి కూడా ఒప్పుకోరు, ఒక గ్లాసుకే చేతులెత్తేస్తుంది. అతను ఒంటిచేత్తో మూడింటినీ విప్పి చదునుగా పరిచాడు, అంచులు లాగి, మడతలు సరిచేసి. పాప ముంజేతి మీద కదిలి, మూతి ఏదో చప్పరించి, మళ్లీ సద్దుమణిగింది. కలలో కూడా తాగుతోంది. కుడిచేత్తో మంచినీళ్ల గ్లాసు అందుకున్నాడు, ఉప్పు లేదు నీలం లేదు, ఫరవాలేదు, వంచబోయాడు.

వంచబోయి ఆగాడు. పాప వీపు అతని ముంజేతి మీద పైకీ కిందికీ ఆడుతోంది. వీపంటే ఎంత, అతని అరచేయంత. పొట్ట అంతకన్నా చిన్నది. ఆ పొట్టలో పట్టే పాలెన్ని, నాలుగు చెంచాలు, పోనీ ఐదు, తాగిందాంట్లో ఒంటికి పట్టింది పోగా, చెమటలో పోయింది పోగా, బయటికి వచ్చేది ఎంత? గ్లాసు చేతిలో అలాగే ఉంది. గ్లాసు నీళ్లు ఈ పిల్ల ఎప్పుడు పొయ్యాలి, రోజంతా కూడబెట్టినా పొయ్యలేదు. అల్లుడుగారు పోస్తాడు గ్లాసులకి గ్లాసులు, ఆయనకేం, రబ్బరు మనిషి. ఇన్నేళ్లలో పరీక్షగదిలో ఏ ఒక్కరైనా చెంచాడు నీళ్లు పోసి చూశారా? ఎందుకు పోస్తారు? అక్కడ అడిగేది ఒకటే, ఎంత పట్టుకుంటుంది, ఎప్పుడు ఓడిపోతుంది అని. ఎంత తక్కువైతే తెలుస్తుంది అని అడగడానికి అక్కడ ఎవరికీ పనిలేదు. అతని చేతికి నిండిన డైపరు తెలుసు, పొంగిన డైపరు తెలుసు, కారబోయే ముందు క్షణం కూడా తెలుసు. చెంచాడు తడి తెలియదు. ఎప్పుడూ పరిచయం లేదు.

గ్లాసు దించి, చక్కెర డబ్బాలోంచి చెంచా తీసి తుడిచాడు. ఒక చెంచా నీళ్లు చవకదాని మీద పోశాడు, అవి కాసేపు పైనే నిలబడి, దారి వెతుక్కుని, మెల్లగా పాకాయి. ఒక చెంచా చెల్లెలిదాని మీద పోశాడు, అవి దిగిపోయాయి, బయట గీత పసుపు నుంచి నీలానికి తిరిగింది, నేను చెప్పలా అని చెల్లెలు అన్నట్టే ఉంది. ఒక చెంచా తెల్లదాని మీద పోశాడు. పోసినట్టే లేదు. చెంచాలో ఉన్న నీళ్లు ఏమయ్యాయో అని చెంచాలోకి చూసుకోవాల్సి వచ్చింది. తొందరపడకూడదు. ఆఫీసులో ఎంతసేపు ఆగుతారో ఒంటికి తెలుసు. ఆగాడు. ఎండ బల్ల మీద ఇంకాస్త ముందుకి జరిగింది. లోపలిగదిలో మంచం ఒకసారి కిర్రుమంది, మళ్లీ ఏ చప్పుడూ లేదు. గోడగడియారం వైపు చూడకూడదనుకుని చూశాడు, నాలుగు కావడానికి ఇంకా టైముంది కానీ ఎక్కువ లేదు. చవకదాని మీద వేళ్లు పెట్టాడు. తడి. ఏ సందేహం లేదు, ఎవరికైనా తెలుస్తుంది. చెల్లెలిదాని మీద పెట్టాడు. తడి లేదు, ఒక చల్లదనం ఉంది. మూడోదాని మీద, తన చేతిపనిమీద, కణుపులు ఆనించి కళ్లు మూసుకున్నాడు.

పొడిగా ఉంది.

చెంచాడు నీళ్లు ఇప్పుడే తన కళ్లముందు, తన చేత్తోనే పోశాడు. అయినా పొడిగా ఉంది. ఇంకాసేపు అలాగే ఉంచాడు, ఇంకాస్త గట్టిగా ఆనించాడు, వేళ్లు తిప్పి పెట్టాడు, చల్లదనం కూడా లేదు. ఇవాళ పొద్దున్నుంచి ఎన్నిసార్లు అన్నాడో ఆ మాటని ఆ వేళ్లు మళ్లీ అన్నాయి, అదే నమ్మకంతో, అదే గర్వంతో. అతనికి ఒళ్లంతా తేలికపడినట్టూ, అదే క్షణాన తల కొట్టేసినట్టూ అయింది. లేచాడు. లేవడంలో కుర్చీ వెనక్కి పడబోతే మోకాలితో ఆపాడు. పాపని భుజానికి మార్చుకున్నాడు, అది అతని మెడ దగ్గర వెచ్చగా ఊపిరి వదిలింది. వంటింటి మూలకి వెళ్లి, చెత్తబుట్ట మూత తీసి, ఉల్లిపొట్టు, టీ పొడి పక్కకి తోసి, పొద్దున తను చుట్టి పడేసిన ఉండల్ని ఒక్కోటీ తీసి గట్టుమీద పెట్టాడు. కత్తెరకోసం చూడలేదు. మొదటిదాన్ని పళ్లతో కొరికి చించాడు, మేనేజరు చూస్తే ఏమనుకునేవాడోగానీ.

లోపల దూది తెల్లగా విడిపోయింది. వెనకభాగం అంతా పొడి, ఉప్పురవ్వల్లాంటివి గలగలమని గట్టుమీద రాలాయి.  ముందుభాగం, నడుముకి దగ్గరగా ఉండే చోట, దూది రెండు వేళ్లతో విప్పాడు. అక్కడ ఉన్నాయి. ఒక ముద్దగా, ఒకదాన్నొకటి అంటుకుని, ఉబ్బి, మెత్తబడి, తడి గాజుపూసల్లా మెరుస్తూ, అరచేతిలో పోస్తే జారిపోయేలా. నీళ్లు తాగిన రవ్వలు ఎలా ఉంటాయో ఈ ప్రపంచంలో అతనికి తెలిసినంతగా ఎవరికి తెలుసు. రెండోది చించాడు, ఉన్నాయి. ఇంకోటి చించాడు, దాంట్లో ఇంకా ఎక్కువున్నాయి. ఒకదాంట్లో మాత్రం లేవు, అది ఫోను వచ్చినప్పుడు కంగారులో కట్టిన వెంటనే విప్పింది అయ్యుంటుంది. చివరికి పాప ఒంటి మీదున్న దాని ముందుభాగాన్ని రెండు వేళ్ల మధ్య పట్టుకుని నొక్కాడు, ఆనించి చూడ్డం కాదు, నొక్కాడు, మైదాముద్ద నొక్కినట్టు. లోపల మెత్తగా, జారుగా, ఉబ్బి ఉంది. పిల్ల పొద్దున్నుంచీ తన పని తను చేస్తూనే ఉంది. ఎవరికీ చెప్పకుండా దాచిపెట్టింది అతనే, అతని తెల్ల డైపరే.

ఆసుపత్రికి ఫోను చేస్తే ఆ నర్సే తీసింది. అతను చెప్పుకుంటూ పోయాడు, రవ్వలు, దూది, చెంచా, ఆవిడ మధ్యలో ఆపింది.

"మీరు ఆ డైపర్ల కంపెనీలోనే చేస్తానన్నారు కదండీ?"

"అక్కడేనండీ."

అవతల నవ్వు ఆపుకుంటోందని తెలుస్తూనే ఉంది. "సరే, ఒకటి తప్ప అన్నిట్లోనూ ఉన్నాయి కదా, పిల్ల బాగానే చప్పరిస్తోంది కదా, ఇవాళ రానక్కర్లేదు. పాలు ఇస్తూ ఉండమనండి. రేపు పొద్దున ఒకసారి తెచ్చి చూపించండి, కళ్ల పచ్చదనం డాక్టరుగారు చూస్తారు. ఈలోపు డైపర్లో ఒక చిన్న దూదిముక్క పెట్టండి, తడిస్తే తెలుస్తుంది. లేకపోతే చవకవి కొనండి" అంది.

అత్తగారు అప్పుడే తలుపు తోసుకుని లోపలికి వచ్చింది, సంచిలో సీసా డబ్బా ఒకదానికొకటి తగిలి చప్పుడు చేశాయి. వంటింటి గట్టుమీద చించిన దూది, చెత్త, భుజం మీద పిల్ల, అల్లుడి మూతి పక్కన అంటుకున్న దూదిపీచు, అన్నీ ఒక్కసారి చూసి గుమ్మంలోనే నిలబడిపోయింది. అతను అరచెయ్యి చాపి ఉబ్బిన రవ్వల్ని చూపించాడు. ఆవిడ వేలితో తాకి చూసి, తలెత్తి అతని మొహంలోకి చూసింది. ఇంక ఆవిడకి విడమరచి చెప్పాల్సిన పనిలేకపోయింది. "నువ్వే వెళ్లి చెప్పు" అంటూ పాపని అందుకుంది. సంచిని అలమర పైఅరలో, చెయ్యి అందీ అందని చోట పెట్టేసింది.

అతను లోపలిగది తలుపు తోశాడు. భార్య నిద్రపోలేదు. గోడవైపే తిరిగి, కళ్లు తెరుచుకుని, గోడమీద ఏదీ లేనిచోటు చూస్తూ ఉంది. తలుపు చప్పుడికి తిరగలేదు. "బయల్దేరదామా?" అంది. లేచి కూచుని, కాళ్లు కిందపెట్టి, చెప్పులకోసం పాదంతో వెతుక్కుంటోంది. జాకెట్టు గుండీలు మెడదాకా పెట్టి ఉన్నాయి. అతను ఆమె ఎదురుగా నేలమీద చతికిలబడి కూచున్నాడు. మూసిన పిడికిలి ఆమె ఒళ్లో పెట్టి విప్పాడు. కిటికీ వెలుగులో అవి మెరిశాయి.

"ఏంటిది?"

"నీ పాలు."

ఆమె అర్థంకానట్టు చూసింది. అతను చెప్పాలనుకున్నవి చాలా ఉన్నాయి, నా చెయ్యి తప్పు చెప్పింది అని, పొద్దున్నుంచీ నిన్ను ఏడిపించింది నేనే అని, పాలు పడకపోవడమేంటి, అన్నిట్లోనూ ఉన్నాయి అని, వాటిలో ఒక్కటీ వరసగా రాలేదు. "పొద్దున్నుంచీ పోస్తూనే ఉంది, నాకే తెలియలేదు, అన్నిట్లో ఉన్నాయి, చించి చూశాను, ఆసుపత్రికి ఇవాళ రావద్దంది నర్సు, నువ్విచ్చిందంతా ఇదిగో" అన్నాడు. ఆమె రెండు వేళ్లతో ఆ ముద్దని తీసి తన అరచేతిలో పెట్టుకుంది. దగ్గరగా పెట్టుకుని చూసింది. ఇటూ అటూ వంచింది. దాని బరువు చూసింది.  కళ్లనిండా నీళ్లు వచ్చాయి, తుడుచుకోవడానికి చెయ్యి ఖాళీలేదు, అలాగే వదిలేసింది. చాలాసేపటికి రెండోచేత్తో పై గుండీ విప్పుకోవడం మొదలుపెట్టింది, పైనుంచి కిందికి, తడుముకోకుండా.

"పిల్లనిలా తీసుకురా" అంది. "ఆకలేస్తూ ఉంటుంది."